అరవై లైనక్స్‌లు, ఒకే డిస్క్

"ఒక్క కంప్యూటర్‌లో అరవై మందికి అరవై లైనక్స్‌లు ఎట్లా పెడతారు సార్? డిస్క్ నిండిపోదా?"

కంటెయినర్ల మాట మొదటిసారి విన్న విద్యార్థి ఎవరైనా అడిగే ప్రశ్నే ఇది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007లో మొదలైన జగిత్యాల జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీలోనైనా, 2021లో సిరిసిల్లకు వచ్చిన కాలేజీలోనైనా చదివే పిల్లలందరికీ సొంత ల్యాప్‌టాప్ ఉండదు. ఉన్నా, ఇంట్లో అందరూ వాడే ఆ ఒక్క యంత్రం మీద ప్రయోగాలు చేయడానికి చెయ్యి రాదు. లైనక్స్ నేర్చుకోవాలంటే మాత్రం దాన్ని పాడుచేసే స్వేచ్ఛ కావాలి. సర్వాధికారాలున్న రూట్ ఖాతా చేతికివ్వాలి. తుడవకూడని ఫైలు తుడిచేసినా పక్కవాడి పని ఆగకూడదు. ఐదు నిమిషాల్లో మళ్లీ మొదటి స్థితి రావాలి. ఈ స్వేచ్ఛను తక్కువ ఖర్చుతో ఇవ్వగలిగిన పద్ధతి కంటెయినర్. అందుకే దాని లోగుట్టు జిల్లా కాలేజీలకు మరీ ముఖ్యం అంటాను.

ఒక ల్యాబ్‌ను ఊహించుకుందాం. ఒకే సర్వర్, అందులో 500 జీబీ ఎస్‌ఎస్‌డీ డిస్క్, ఎదురుగా అరవై మంది విద్యార్థులు. ఒక్కొక్కరికి కంపైలర్లు, డేటాబేస్, ఎడిటర్లతో కూడిన పూర్తి లైనక్స్ కావాలి. అది సుమారు 4 జీబీ ఉంటుందనుకుందాం. అరవై నకళ్లు తీస్తే 240 జీబీ. సగం డిస్క్ పోయింది, పిల్లలింకా ఒక్క అక్షరం కూడా టైపు చేయలేదు. కంటెయినర్లు నడిపేవాళ్లు ఇదే పనిని 4 జీబీకి కాస్త ఎక్కువలో ముగిస్తారు.

ఒకే కెర్నెల్, వేరు వేరు ప్రపంచాలు

ఒక కంప్యూటర్‌లో పలు కంప్యూటర్లు నడపడానికి పాత దారి ఒకటుంది. దాన్ని వర్చువల్ మెషిన్ అంటారు. అందులో ప్రతి విద్యార్థికీ ఒక కల్పిత కంప్యూటర్, దానికో సొంత కెర్నెల్ ఉంటాయి. కెర్నెల్ అంటే మెమరీని, డిస్క్‌ను, నెట్‌వర్క్‌ను పంచిపెట్టే గుండెకాయ లాంటి ప్రోగ్రాము. అరవై కెర్నెళ్లు నడిస్తే వాటి మెమరీ ఖర్చే తడిసి మోపెడవుతుంది.

కంటెయినర్‌లో కెర్నెల్ ఒక్కటే. అదే కెర్నెల్ ఒక్కో గుంపుకు ఒక్కో ప్రపంచాన్ని చూపిస్తుంది. ఈ గుంపుకు కనిపించే ప్రోగ్రాముల జాబితా వేరు, నెట్‌వర్క్ వేరు, వాడుకరుల పట్టిక వేరు, ఫైళ్ల చెట్టు వేరు. ఈ ఆలోచన కొత్తది కాదు. ఒక ప్రోగ్రాముకు ఫైళ్ల చెట్టులో ఒక కొమ్మను మాత్రమే చూపించే చ్రూట్ అనే సదుపాయం 1979 నాటి యూనిక్స్‌లోనే ఉంది. లైనక్స్‌లో ఫైళ్ల చెట్టును వేరుచేసే తొలి ఆవరణ, అంటే నేమ్‌స్పేస్, 2002లో వచ్చింది. ఎవరికి ఎంత మెమరీ, ఎంత ప్రాసెసర్ అని హద్దు పెట్టే సీగ్రూప్స్‌ను గూగుల్ ఇంజినీర్లు 2006లో మొదలుపెట్టారు, 2008లో అది లైనక్స్‌లో చేరింది. ఆ ఏడాదే ఈ రెంటినీ జోడించి ఎల్‌ఎక్స్‌సీ అనే కంటెయినర్ సాధనం పుట్టింది.

2013లో వచ్చిన డాకర్ పేరు చాలామంది విని ఉంటారు. డాకర్ కంటెయినర్ సాధారణంగా ఒక్క ప్రోగ్రాము కోసం. మనం చెప్పుకుంటున్నది వ్యవస్థ కంటెయినర్, సిస్టమ్ కంటెయినర్ అంటారు. అందులో లాగిన్, లాగులు, వేళకు నడిచే పనులు, ప్యాకేజీల ఇన్‌స్టాలేషన్ అన్నీ ఉంటాయి. లోపల కూర్చున్న విద్యార్థికి అది సంపూర్ణమైన కంప్యూటరే. వీటిని నడపడానికి కెనానికల్ సంస్థ 2014లో ఎల్‌ఎక్స్‌డీని ప్రకటించింది. 2023లో దాని నుంచి చీలి ఇంకస్ వచ్చింది. క్రోమ్‌బుక్‌లలో లైనక్స్ వాడే సదుపాయాన్ని కూడా ఎల్‌ఎక్స్‌డీ నడిపే కంటెయినర్‌గానే తెచ్చారు.

కెర్నెల్ ఒక్కటే కాబట్టి మెమరీ గొడవ చాలావరకు తీరింది. ఫైళ్ల గొడవ తీరలేదు. ప్రతి కంటెయినర్‌కూ తనదైన ఫైళ్ల చెట్టు కావాలి, అందులో అది ఇష్టమొచ్చినట్టు మార్పులు చేసుకోవాలి. కంటెయినర్ల కథలో నిజమైన కష్టం ఇక్కడే ఉంది.

రాసినప్పుడే నకలు

సిరిసిల్లలోనైనా మరెక్కడైనా మగ్గం మీద డిజైన్ ఎక్కించాలంటే ముందు దాన్ని గ్రాఫ్ కాగితం మీద గళ్లుగా గీసుకోవాలి. ఏ పేక పోగు దగ్గర ఏ పడుగు పోగు పైకి లేవాలో గడి గడికీ నిర్ణయం అవుతుంది. అరవై మంది నేతన్నలకు అదే డిజైన్ ఇవ్వాలనుకోండి. అరవై కాగితాలు గీసే బదులు ఒకే పెద్ద కాగితాన్ని గోడకు అతికించి, దాని మీద ఎవరూ కలం పెట్టవద్దని కట్టడి చేశాం. ఒకాయన తన చీర అంచులో ఒక్క పువ్వు మార్చాలనుకున్నాడు. ఆ పువ్వు పట్టే గళ్ల వరకే ఒక చీటీ మీద గీసుకుని, తన పుస్తకంలో "ఈ గళ్లకు గోడ చూడొద్దు, చీటీ చూడు" అని రాసుకున్నాడు. మిగతా వేల గళ్లకు అందరిలాగే గోడనే చూస్తాడు. పక్కాయన గోడను చూస్తే ఆయనకు పాత పువ్వే కనిపిస్తుంది.

డిస్క్‌లో జరిగేది అచ్చంగా ఇదే. డిస్క్ కూడా గళ్లుగా, అంటే బ్లాకులుగా, విడిపోయి ఉంటుంది. డిస్క్ మీది ఫైళ్ల లెక్క చూసే ఏర్పాటును ఫైల్ సిస్టమ్ అంటారు. చాలా ఫైల్ సిస్టమ్‌లలో గడి 4 కేబీ. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో పెద్ద ఫైళ్లకు మామూలుగా 128 కేబీ. గోడ మీది కాగితం లైనక్స్ మూల ప్రతి, ఇమేజ్ అంటారు. విద్యార్థి ఒక ఫైలు మారిస్తే మారిన గళ్లకే కొత్త చోటు ఖర్చవుతుంది. చదివినంతసేపు నకలు లేదు, రాసినప్పుడే నకలు. ఇంగ్లీషులో దీన్నే కాపీ ఆన్ రైట్ అంటారు.

దీని నుంచి ఎన్నో మేళ్లు పుడతాయి. కొత్త కంటెయినర్ తయారీకి 4 జీబీ రాయనక్కర్లేదు, గోడవైపు చూపించే ఒక కొత్త పుస్తకం తెరిస్తే చాలు. అందుకే మూల ప్రతి ఎంత పెద్దదైనా కంటెయినర్ సెకన్లలో పుడుతుంది. మన ల్యాబ్‌లో ఒక్కో విద్యార్థి 300 ఎంబీ మేర మార్పులు చేశాడనుకుంటే అరవై మందికి 18 జీబీ, మూల ప్రతి 4 జీబీ, మొత్తం 22. ఎక్కడి 240, ఎక్కడి 22!

ఇంకో మేలు కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. ఈ పద్ధతిలో పాత గడి మీద కొత్తది ఎప్పుడూ దిద్దరు. కొత్త చీటీ పూర్తిగా రాశాకే పుస్తకంలో దారి మారుస్తారు. మధ్యలో ఈదురుగాలికి కరెంటు పోతే పుస్తకం ఇంకా పాత చీటీనే చూపిస్తుంటుంది. చివరి నిమిషపు పని పోవచ్చు కానీ సగం పాత, సగం కొత్త కలిసిన గందరగోళం మాత్రం మిగలదు.

పుస్తకాన్ని ఒక రోజు ఉన్నదున్నట్టుగా నిలిపి పక్కన పెట్టుకుంటే అదే స్నాప్‌షాట్. నిలువు ప్రతి అందాం. తీసిన క్షణంలో అది దాదాపు ఏ చోటూ తీసుకోదు. కానీ ఆ పాత పుస్తకం చూపించే చీటీలను ఇకపై ఎవరూ పారేయడానికి లేదు. ఈ ఒక్క షరతు మనసులో పెట్టుకోండి, ముందుముందు చాలా చిక్కుముడులు దీనితోనే విడిపోతాయి.

లెక్క ఎవరు రాస్తారు?

కంటెయినర్లన్నీ పంచుకునే చోటును స్టోరేజ్ పూల్ అంటారు. ఉమ్మడి నిల్వ అనుకోవచ్చు. అందులోంచి ఒక్కో కంటెయినర్‌కు వచ్చే వాటా పేరు వాల్యూమ్. గళ్లు, చీటీలు, పుస్తకాల లెక్క రాసేది మాత్రం ఎల్‌ఎక్స్‌డీయో ఇంకసో కాదు, వాటి కింద ఉండే ఫైల్ సిస్టమ్. మొదటిరోజున దాన్ని ఎంచుకునేది మనమే. తరువాత మార్చాలంటే కంటెయినర్లన్నిటినీ కొత్త నిల్వలోకి తరలించాల్సిందే.

అన్నిటికంటే సులువైనది డైరెక్టరీ పద్ధతి. మామూలు ఫోల్డర్లో మామూలు ఫైళ్లు. ఇందులో చీటీల లెక్కే లేదు, ప్రతి కంటెయినర్‌కూ, ప్రతి నిలువు ప్రతికీ పూర్తి నకలు తీయాల్సిందే. ఇంట్లో నేర్చుకోవడానికి ఒకటి రెండు కంటెయినర్లకు సరే, అరవై మంది ల్యాబ్‌కు పనికిరాదు. ఎల్‌వీఎం 1998 నుంచి లైనక్స్‌కు తెలిసినది. ఫైళ్ల సంగతి దానికి పట్టదు, కిందనున్న గళ్లనే పంచుతుంది.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ను ఒరాకిల్‌లో క్రిస్ మేసన్ 2007లో మొదలుపెట్టాడు, 2009లో అది లైనక్స్ కెర్నెల్‌లో చేరింది. పుట్టుకతోనే రాసినప్పుడే నకలు పద్ధతిది, కెర్నెల్‌తోపాటే వస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ దానికంటే పెద్దది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బోన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ 2001లో పని ప్రారంభించారు, 2005లో ఆ సంస్థ ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్‌లోకి వచ్చింది. దాని లైసెన్సుకూ లైనక్స్ లైసెన్సుకూ పొంతన కుదరదన్న వివాదం వల్ల కెర్నెల్‌లో భాగం కాలేదు. 2016లో ఉబుంటు లైనక్స్ 16.04 దాన్ని నేరుగా అందించడంతో కంటెయినర్లవాళ్లకు దారి సుగమమైంది.

జెడ్‌ఎఫ్‌ఎస్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది దాని అనుమానం. డిస్క్ ఇచ్చిన గడిని అది ఊరికే నమ్మదు. ప్రతి గడికీ ఒక సరిచూపు సంఖ్య, అంటే చెక్‌సమ్, లెక్కగట్టి ఆ గడి పక్కన కాకుండా దాన్ని చూపించే పై పుస్తకంలో దాస్తుంది. డిస్క్ మౌనంగా ఒక అక్షరాన్ని చెడగొట్టినా చదివే వేళకు దొరికిపోతుంది. రెండు డిస్కులను జంటగా పెట్టి ఉంటే మంచి ప్రతితో చెడ్డదాన్ని తనే సరిచేస్తుంది. ఒక్కటే డిస్క్ ఉంటే తప్పు కనిపెడుతుంది కానీ ఫైళ్లను బాగుచేయలేదు. కాలేజీ ల్యాబ్‌కు నా సలహా సూటిగా ఇదే: రెండు డిస్కులు కొనండి, జంటగా జెడ్‌ఎఫ్‌ఎస్ మీద పెట్టండి. డబ్బు ఆదా చేయాలనుకుంటే ప్రాసెసర్ దగ్గర చేయండి, రెండో డిస్క్ దగ్గర వద్దు.

ఇక్కడొక హెచ్చరిక. ఇంకస్‌ను మొదట అమర్చేటప్పుడు అడిగిన ప్రతి ప్రశ్నకూ ఎంటర్ కొడుతూ పోతే అది వేరే డిస్క్ తీసుకోదు. ఉన్న డిస్క్‌లో ఒక పెద్ద ఫైలు సృష్టించి దాన్నే డిస్క్‌గా వాడుకుంటుంది. ఆ ఫైలు పరిమాణం ఖాళీ చోటులో 20 శాతం, కనీసం 5 జీబీ, గరిష్ఠంగా 30 జీబీ. 500 జీబీ డిస్క్ ఉన్న సర్వర్లో అరవై మంది పిల్లలు 30 జీబీలో ఇరుక్కుంటారు. పైగా ఒక ఫైల్ సిస్టమ్ మీద ఇంకో ఫైల్ సిస్టమ్ కాబట్టి వేగమూ తగ్గుతుంది. నిల్వకు ప్రత్యేకంగా డిస్క్ గానీ, కనీసం ఒక పార్టిషన్ గానీ కేటాయించడం మొదటి రోజున చేయాల్సిన పని.

మరో చిక్కు చాలాకాలం కనబడకుండా చోటు తినేది. కంటెయినర్ లోపలి రూట్ వాడుకరి సంఖ్య సున్నా. భద్రత కోసం బయటి యంత్రం అతన్ని ఏ అధికారమూ లేని మరో సంఖ్యగా, ఉదాహరణకు 10,00,000గా చూస్తుంది. మంచి ఏర్పాటే. కానీ లోపలి ఫైళ్లన్నిటి యజమాని సంఖ్యా దానికి తగ్గట్టు మారాలి. అంటే కంటెయినర్ మొదటిసారి లేచినప్పుడు ప్రతి ఫైలు వివరాన్నీ తిరగరాయాలి. రాస్తే నకలే కదా, ఏమీ మార్చని విద్యార్థికి కూడా చీటీల కట్ట తయారు. క్రిస్టియన్ బ్రౌనర్ కృషితో 2021లో లైనక్స్ 5.12 దీనికి మందు తెచ్చింది. డిస్క్ మీద ఏమీ రాయకుండా చూపులోనే సంఖ్య మార్చే సదుపాయమది. లైనక్స్ మీది జెడ్‌ఎఫ్‌ఎస్‌కు అది 2023లో అందింది. పాత సర్వర్లను ఇంకా నడుపుతున్నవాళ్లు కొత్త కెర్నెల్‌కు మారడానికి ఇది ఒక్కటే చాలినంత కారణం.

పంచుకున్నది కరిగిపోతుంది

22 జీబీ లెక్క మొదటి నెల లెక్క. రెండో నెలలో అరవై మంది విద్యార్థులూ తమ తమ కంటెయినర్లలో అప్‌డేట్ ఆదేశం ఇస్తారు. ఒక్కొక్కరికి 1 జీబీ కొత్త ఫైళ్లు దిగాయనుకుందాం. అందరికీ దిగింది అవే ఫైళ్లు. కానీ ఫైల్ సిస్టమ్‌కు ఆ సంగతి తెలియదు, దాని కళ్లకు అవి అరవై మంది విడివిడిగా రాసిన చీటీలు. 60 జీబీ పోయింది. ఏడాది తిరిగేసరికి ప్రతి ఒక్కరి దగ్గరా దాదాపు పూర్తి సొంత ప్రతి ఉంటుంది, మూల ప్రతిని ఎవరూ చూడరు. ఒకేలా ఉన్న గళ్లను వెతికి కలిపే సదుపాయం జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఉన్నా దాని పట్టికకు మెమరీ విపరీతంగా కావాలి. మామూలు ల్యాబ్‌లో దాని జోలికి వెళ్లకపోవడమే మేలు.

విరుగుడు వేరే ఉంది. అప్‌డేట్లను ఒక్క మూల ప్రతిలో చేసి, సెమిస్టర్‌కోసారి పాత కంటెయినర్లను తీసేసి కొత్తవి పుట్టించాలి. అలా చేయాలంటే విద్యార్థి రాసుకున్న ప్రోగ్రాములు కంటెయినర్ లోపల ఉండకూడదు. అందుకే ఉమ్మడి నిల్వలో ప్రతి విద్యార్థికీ విడిగా ఒక వాల్యూమ్ తీసి, దాన్ని కంటెయినర్‌లోని హోమ్ ఫోల్డర్‌కు తగిలిస్తారు. కంటెయినర్‌ను తీసేసినా ఆ వాల్యూమ్ చెక్కుచెదరదు, కొత్తదానికి మళ్లీ తగిలించుకోవచ్చు. వ్యవస్థ ఎప్పుడైనా పారేయదగినది, మనిషి పని పారేయరానిది. ఈ రెండూ ఒకే చోట కలిసి ఉన్నంతకాలం నిర్వాహకుడు దేన్నీ ధైర్యంగా ముట్టుకోలేడు.

నిండని డిస్క్ నిండిందంటుంది

ప్రతి విద్యార్థికీ 20 జీబీ హద్దు, అంటే కోటా, పెడతాం. అరవై ఇరవైలు 1200. ఉన్నది 500. అందరూ ఒకేసారి తమ హద్దు దాకా వాడరన్న నమ్మకం మీద ఈ ఏర్పాటు నడుస్తుంది. నమ్మకం తప్పేమీ కాదు, దాన్ని రోజూ సరిచూసుకోకపోతేనే తప్పు. ఎల్‌వీఎం ఉమ్మడి నిల్వ నిండితే లోపలి ఫైల్ సిస్టమ్‌లు దెబ్బతినే ప్రమాదం ఉంది. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లలో చిక్కు ఇంకో రకం. తుడిచేయాలన్నా పుస్తకంలో కొత్త పేజీ రాయాలి, దానికీ చోటు కావాలి. కనుక నిల్వలో ఐదో వంతును ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి.

ల్యాబ్‌లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు మరొకటి. "సార్, 8 జీబీ తుడిచేశాను, అయినా చోటు లేదంటోంది." పిల్లవాడు అబద్ధం చెప్పడం లేదు. నిన్న రాత్రి తీసిన నిలువు ప్రతి ఆ గళ్లను పట్టుకుని ఉంది. ఇందాక మనసులో పెట్టుకోమన్న షరతు ఇదే. జెడ్‌ఎఫ్‌ఎస్ మీద ఇంకస్ మామూలుగా వాడే హద్దు నిలువు ప్రతులను కూడా విద్యార్థి ఖాతాలోనే వేస్తుంది. వాటిని లెక్కలోంచి తప్పించి, ఇప్పుడున్న ఫైళ్లకే వర్తించే హద్దు ఒకటుంది. దాని పేరు రెఫ్‌కోటా. విద్యార్థులకు అది పెట్టడమే న్యాయం, నిలువు ప్రతులు తీసేది వాళ్లు కాదు, మనం. ప్రతి రాత్రీ ఒకటి తీసి, ఏడు రోజుల తరువాత దానంతటదే పోయేలా గడువు పెట్టేస్తే చీటీలు పేరుకుపోవు. గడువు లేని నిలువు ప్రతులతోనే చాలా నిల్వలు నిండుతాయి. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో సోమవారం ప్రతికి వెనక్కి వెళ్లాలంటే మంగళ, బుధవారాల ప్రతులను వదులుకోవాలన్నది కూడా ముందే తెలిసి ఉండాలి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల

నిలువు ప్రతి ఉంది కదా, ఇక భయం లేదనుకోవడం పెద్ద పొరపాటు. ఆ ప్రతి చూపించే గళ్లు అదే డిస్క్‌లో ఉన్నాయి. డిస్క్ పోతే అసలూ ప్రతీ కలిసే పోతాయి. రెండు డిస్కులు జంటగా ఉన్నా అవి ఉండేది ఒకే గదిలో. 2021 సెప్టెంబరులో కురిసిన భారీ వానలకు సిరిసిల్ల వీధులు, కలెక్టరేట్ పరిసరాలు నీట మునిగాయి. ఆ నీళ్లు నేల అంతస్తులోని సర్వర్ గదిలోకి వస్తే ఫైల్ సిస్టమ్ ఏదైనా ఒకటే.

కాబట్టి ఇంకో ఊరు కావాలి. జగిత్యాలలో ల్యాబ్ ఉందనుకుందాం, కోరుట్లలో ఒక చిన్న యంత్రం, సిరిసిల్లలో ఒకటి. మూడింటినీ కలిపి ఒకే నిల్వగా చేసే వ్యవస్థ కూడా ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా క్రూజ్‌లో సేజ్ వీల్ పరిశోధనగా మొదలైన సెఫ్ అది. ప్రతి గడినీ మామూలుగా మూడు చోట్ల ఉంచుతుంది. కానీ అన్ని ప్రతులూ రాయడం పూర్తయ్యాకే "రాశాను" అంటుంది. యంత్రాలు ఒకే గదిలో ఉంటే అది వరం. ఊళ్ల మధ్య దూరంలో పెడితే విద్యార్థి నొక్కిన ప్రతి సేవ్ మీటా కోరుట్లకూ సిరిసిల్లకూ పోయి రావాలి. మన అవసరానికి అది తగదు.

తగినది రాత్రి పంపకం. నిన్నటి నిలువు ప్రతికీ ఈనాటిదానికీ మధ్య ఏ గళ్లు మారాయో పుస్తకాలు రెండూ పక్కపక్కన పెడితే వెంటనే తెలుస్తుంది, ఫైళ్లన్నీ వెతకనక్కర్లేదు. మారిన గళ్లనే పంపితే సరి. తొలి రాత్రి 30 జీబీ పోయినా ఆ తరువాత రాత్రికి కొన్ని వందల ఎంబీలే ఉండవచ్చు, అది మామూలు ఫైబర్ కనెక్షన్‌కే సరిపోతుంది. ఒక షరతు: అవతలి యంత్రంలోనూ అదే ఫైల్ సిస్టమ్ ఉండాలి. ఇక్కడ జెడ్‌ఎఫ్‌ఎస్, అక్కడ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే ఈ ఒడుపు పనిచేయదు, ఫైళ్లను ఒక్కొక్కటిగా పోల్చి పంపుకోవాలి. డేటాబేస్ నడుస్తున్న కంటెయినర్ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. నడుస్తుండగా తీసిన నిలువు ప్రతి, ఆ క్షణంలో కరెంటు పోయినప్పుడు డిస్క్ మీద మిగిలే స్థితితో సమానం. ముందుగా డేటాబేస్ నుంచి ఒక ఎగుమతి తీసుకుని ఆ తరువాత ప్రతి తీయాలి.

మీ కాలేజీలోగానీ ఆఫీసులోగానీ కంటెయినర్లు నడుస్తుంటే ఈ వారమే ఒక పని చేయండి. వేరే ఊరికి పంపుతున్న ప్రతుల్లో ఏదో ఒకటి ఎంచుకుని, దాన్ని ఆ ఊరి యంత్రం మీదే లేపి, లాగిన్ అయ్యి, ఒక విద్యార్థి ఫైలు తెరిచి చూడండి. తెరుచుకుంటే మీ దగ్గర బ్యాకప్ ఉన్నట్టు, తెరుచుకోకపోతే లేనట్టు.